ఎదురు ప్రశ్న

సీతాఫల్‌మండిల రెండో అంతస్తు.
గోడను రాసుకుంటనే బండి పోతది.
పోయినప్పుడల్లా ఫోన్ తెర మీద
ఎవరిదో ప్రశ్న ఒకటి వణుకుతది.

జవాబుకు మూడు రూపాయలు.
అరవై మాటలు దాటొద్దు,
తొంభై సెకన్లు దాటొద్దు,
అడిగినోళ్లను తిరిగి ఏమీ అడగొద్దు.
వెతికి తెచ్చేది నేనే,
అవతలోళ్లకు మాత్రం
మిషిన్ మాట్లాడినట్టే ఉంటది.

పప్పు మాడితే ఆ వాసన ఎట్ల పోతది?
బల్లి కుడి భుజం మీద పడితే మంచిదా?
ఓనర్ అడ్వాన్సు తిరిగియ్యకుంటే ఎక్కడ చెప్పుకోవాలె?
అత్తాపూర్ నుంచి ఈసీఐఎల్‌కు ఎన్ని బస్సులు మారాలె?
నాలుగు పేజీలు తెరుస్త, రెండు నమ్ముత,
ఒకటి రాస్త.
మూడు రూపాయలు. మళ్ల మూడు.
పన్నెండు కొట్టేసరికి పాలపాకెట్ల పైసలు ఎల్లినయ్,
ఇగ గ్యాసు బండ కోసం కూసున్న.

మా నాయిన సోమోజిది గూడ ఇసొంటి పనే.
నాంపల్లి కచేరి గోడ పక్కన
మూడు కాళ్ల బల్ల, నాలుగో కాలికి ఇటుక,
నీలం సిరా బుడ్డి.
తెలుగుల రాసేటోడు, ఉర్దూల రాసేటోడు.
అర్జీకి రెండు రూపాయలు,
ఏడ్సుకుంట చెప్తే రూపాయిన్నర.

ఖైరున్నీసా అని ఒక ముసలామె
రేషన్ కార్డుల పేరొకటి కొట్టెయ్యమని రాయించుకోనొచ్చింది.
"ఎవరి పేరమ్మా?" అన్నడు నాయిన.
తెప్పించిన చాయ్ చల్లారిపోయి
మీద తెట్టు కట్టేదాక ఆమె నోరు విప్పలే.
అర్జీ నాలుగే లైన్లు.
కూసున్నది మాత్రం పొద్దుగూకేదాక.
పైసలు తీసుకున్నడో లేదో
నాకు యాదికి లేదు.
సిరా చేతులు తుడుసుకుంట అన్నది యాదికుంది:
"మీద తేలిందే అడుగుతరు బిడ్డా,
అడుగు మాడింది చెప్పరు."

నిన్న రాత్రి రెండు నలభై.
నాంపల్లి స్టేషన్ దగ్గర ఈ టైముల చాయ్ దొరుకుతదా?
అల్కగ రాసిన. గల్లీ పేరు గూడ రాసిన.
మూడు రూపాయలు.

జరసేపటికి:
ఆడమనిషి ఒక్కతే తెల్లారేదాక ప్లాట్‌ఫారం మీద కూసుంటే
ఎవరన్నా లేపుతరా?
వెయిటింగ్ రూము సంగతి రాసిన,
టికెట్ ఉండాలన్న సంగతి రాసిన.
మూడు రూపాయలు.

మళ్ల, అదే చేతి రాత అనిపించేటట్టు
(ఫోన్ల చేతి రాత ఏడుంటది,
అయినా అనిపించింది):
పొద్దుగాల మొదటి బండి ఏడికి పోతది?

ఫలానా ఊరికి బండి ఎన్నింటికని కాదు.
మొదటి బండి. అది ఏడికి పోతే ఆడికి.

టైంటేబుల్ నా ముంగటనే ఉంది.
నంబరుంది, ఊరుంది.
డెబ్బై సెకన్లు. అరవై. నలభై అయిదు.
రాసిన. తుడిపిన.
ఇటుక మీద కుంటుకుంట నిలబడ్డ బల్ల కండ్లల్ల మెదిలింది.
పన్నెండు సెకన్లుండంగ
"నువ్వు ఏడికి పోవాలె అక్కా?"
అని కొట్టిన.

ఎర్ర గీత.
ఈ జవాబు చెల్లదు.
రెండోసారి అయితే ఖాతా బందు.
మూడు రూపాయలు పోయినయ్,
జరిమానా కింద ఇంకో ఆరు పోయినయ్.
నా మాట ఆమెదాక పోయిందో, మధ్యలనే ఆపిన్రో
చెప్పేటోళ్లు లేరు.
గా సంగతి ఏడ వెతకాలెనో
రోజంతా వెతికే నాకే తెలువదు.

తెల్లారుజామున అయిదింటికి
గోడ పక్క నుంచి బండి పోయింది.
అది నాంపల్లి నుంచి వచ్చిందో, ఇంకేడికెళ్లో.
కిటికీల వెలుగులు లెక్కపెట్టుకుంట
ఇరవై దాక పోయి తప్పిన.

తెర వణికింది.
బెండకాయ జిగురు పోవాలంటే ఏం చెయ్యాలె?

కోసే ముందుగాల
తడి లేకుంట తుడవమని రాసిన.