నొక్కితే అణిగేది

రాత్రి రెండున్నర.
కర్నూలు పెద్దాసుపత్రి, ఐసీయూ, ఏడో మంచం.
హుసేనప్ప. ఆదోని పత్తి యార్డులో హమాలీ.
బేళ్లు మోసి మోసి కాయ కట్టిన మెడ
ఇప్పుడు నా చేతి కింద, అయోడిన్ పూసుకుని.
బీపీ డెబ్బై దాటడం లేదు.
చేతుల్లో సిరలన్నీ దాక్కున్నాయి,
మోచేతి మడతలో ఒక్కటి తప్ప.

"మెడకాడ సూదేంది సామీ?"
తలుపు సందులోంచి గంగులమ్మ.
మందు గుండెదాకా పోవాలమ్మా, అన్నాను.
మిగతాది చెప్పలేదు:
ఆ ఇంటికి గోడ ఆనించి ఇంకో ఇల్లుందని,
చీకట్లో పొరపాటున ఆ తలుపు తట్టానంటే

పోయిన నెల తట్టాను.
ఎమ్మిగనూరు ముసలాయన.
సూది వెనక్కి లాగి, పది నిమిషాలు
రెండు వేళ్లతో అదిమి పట్టుకున్నాను.
ఆయన గుండె నా వేలి కొసను తిడుతూనే ఉంది.
ఆయన బతికి ఇంటికి పోయాడు.
ఆ రెండు వేళ్లే ఇంకా ఇంటికి రాలేదు.

అల్ట్రాసౌండ్ మిషను కాన్పుల వార్డుకు పోయింది.
ఉన్నది ఒకటే.
"వేలితో చూసి పొడిచేద్దామా మేడం?"
ఫర్హానా మేడం నావైపు చూడను కూడా లేదు.
"అందాక మందు మోచేతిలోనే నడవనీ.
నువ్వు పోయి మిషను తే."

తెచ్చాను. దాని మీద
ఏ బిడ్డ గుండెనో వెతికిన తడి ఇంకా ఆరలేదు.

"తల మరీ తిప్పొద్దు, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి."
తెర మీద రెండు నల్లటి గుండ్రాలు.
"నొక్కు."
ఒకటి రెప్పలా మూసుకుంది.
రెండోది మూయకుండా, కొట్టుకుంటూ, నన్నే చూసింది.
"అణిగేది సిర. ఎదురు తన్నేదాని జోలికి పోకు."

సూది కొన తెల్లగా మెరిసేదాకా ఆగి, గుచ్చాను.
నేరేడు రంగు రక్తం.
హమ్మయ్య అనబోయాను.
"రంగును నమ్మొద్దు.
ప్రాణం అడుగంటినప్పుడు రెండిళ్లలోనూ ఒకటే చీకటి."

సన్న గొట్టం తగిలించి, దించి నింపి, నిలువుగా ఎత్తింది.
రక్తం దూకలేదు.
ఊపిరితోపాటు ఊగి, మెల్లగా
బావిలోకి చేద దిగినట్టు దిగిపోయింది.
అప్పుడు తీగ.
తీగ సిరలోనే ఉందని మళ్లీ తెర మీద చూశాక గానీ
దారి వెడల్పు చేసే మొద్దు గొట్టాన్ని
నన్ను ముట్టనివ్వలేదు.

నాలుగయింది. బీపీ తొంభై.
గంగులమ్మ గోడకు ఆనుకునే నిద్రపోయింది.
కాన్పుల వార్డు నుంచి మళ్లీ ఫోను.
మిషను నేనే తోసుకుపోయాను.
దానికి ఒక చక్రం తిరగదు.
గడప వచ్చినప్పుడల్లా ఆగి, ఎత్తి, దాటించాలి.