ఎంగిలి నాడె

సోమవారం, నెల్సన్ పట్నంలో ఇంకా దీపాలార్పని వేళ
కెజియా మగ్గాలు నాలుగూ నాకిచ్చారు.
మేస్త్రీ ఈనోక్ ఒక పేరు కొట్టేసి ఒక పేరు రాశాడు,
కలం ఎత్తకుండా.
ఇరుసుల్లో నూనె ఆమె పోసిందే.
రేకు డబ్బాలో వంకరపోయిన అచ్చుకొక్కెం,
సగం చప్పరించి కాగితంలో చుట్టిపెట్టిన పుదీనా బిళ్ళ.

నాడె చేతిలోకి తీసుకున్నాను.
ఏ అడవిదో గట్టి కర్ర, రెండు కొసలా ఉక్కు ముక్కు,
పక్కన శనగబద్దంత పింగాణీ కన్ను.
ఆ కంటి చుట్టూ కర్ర నున్నగా లోపలికి అరిగింది
సరిగ్గా ఒక పెదవి పట్టేంత.
నా పెదవి కాదు.

కండె దిగేసి, పోగు కొస కంటి దాకా తెచ్చి
నోరానించి ఒక్క పీల్పు.
పోగొచ్చింది. దాని వెంట
దూదినలుసు, చమురు, గంజి పులుపు,
ఇంకా ఏదో.
పుదీనా అనుకుంటాను.
కాకపోవచ్చు.

కెజియా ఫిబ్రవరిలో దగ్గింది. మార్చిలో దగ్గింది.
ఏప్రిల్లో రుమాలు విప్పి చూసుకోవడం మానేసింది.

రోజుకి మూడు వందలసార్లు ఈ కర్రని ముద్దాడాలి.
ఆదివారం కాలువగట్టున క్లెమెంట్ ఒక్కటడిగితే
పుచ్చిన ముందుపళ్ళు దాచుకుని చెంప ఇచ్చాను.

షెడ్డులో మాట పుట్టదు. వెయ్యి మగ్గాల హోరు.
చప్పుడు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటాం:
పిల్లల జ్వరాలు, అద్దె బాకీ, ఎవరు ఎవరితో పోయిందీ.
రెండు వరసలవతల డోర్కస్ పెదాలు కదిలాయి,
"కడిగావా?"
"దేంతో?" అన్నాను.
డోర్కస్ నవ్వింది. పైవరసలో ఆమెకి నాలుగు పళ్ళు లేవు.

చేత్తో పోగెక్కించే నాడెలున్నాయట ఎక్కడో.
యూనియన్ వాళ్ళు అర్జీ పెట్టారు.
బదులు పద్ధతిగానే వచ్చింది:
కొత్త నాడెకి ఇంత ధర,
కండె మార్చేందుకు ఇన్ని క్షణాల నష్టం.
ఊపిరి ఎవరూ కొనివ్వలేదు గనక
ఆ పద్దు లేదు.

రెండు వేల పడుగుపోగులు నోరు తెరుస్తాయి,
నాడె దూరుతుంది, మూస్తాయి, తెరుస్తాయి.

సాయంత్రం తనిఖీ గుమాస్తా కిటికీ వెలుగులో తాను పరుస్తాడు.
తెగిన పోగుకి మూడు పెన్నీల కోత.
చమురు మరకకి ఆరు.
గుడ్డని ముక్కు దగ్గరికి తెచ్చుకుని మరీ చూస్తాడు గాని
ఎంగిలి కనపడదు.
చలువచేసి, తెల్లగా, మడతలు పెట్టి పంపేస్తారు
ఎవరి పెళ్ళి పరుపుకో, ఏ చర్చి బల్ల మీదికో,
నాకు పేరు పలకడం రాని ఏ రేవుకో.
అక్కడొక తల్లి అందులో బిడ్డని చుట్టబెడుతుంది.
బిడ్డ ముందుగా చేసే పని
కొస నోట్లో పెట్టుకుని పీల్చడం.

గురువారం నాటికి నా పెదవి ఆ గుంటలో కుదురుకుంది,
వెతుక్కోకుండానే.

మధ్యాహ్నం, దగ్గేమీ రాకుండానే,
డబ్బా తెరిచి
ఆ సగం బిళ్ళ నోట్లో వేసుకున్నాను.
ఇంకా ఘాటుగానే ఉంది.