ప్యాకెట్ ఎనుక తారీఖు

హనుమకొండ చౌరస్తాల, అద్దాల దుకాణంల
పిల్లగాడు సల్లటి నీళ్ళ సీసా చేతికిచ్చి
యాభై మెగాపిక్సెళ్ళు అన్నడు.
చీకట్ల గూడ మొఖం తెల్లగ పడుతదట.
నా మొఖంతోని నాకేం పని బిడ్డా,
ఎన్నేండ్లు అప్‌డేట్లు అస్తయో చెప్పు అన్న.
వాడు డబ్బా తిప్పి తిప్పి చూసిండు.
డబ్బా మీద పులి ఉన్నది, మెరుపు ఉన్నది,
ఏండ్ల లెక్క లేదు.
మేనేజరచ్చి
చెవుల పెట్టుకునేటివి ఉత్తగ ఇస్తనన్నడు.

నాకు ఆ యేడు యాదికచ్చింది.
ప్యాకెట్ మీద నిగనిగలాడే ఎర్రకాయ బొమ్మ చూసి
మా మామ మిర్చినారు పోసిన యేడు.
చెట్టు నడుమెత్తు పెరిగింది, పూత గూడ అచ్చింది,
కాయ పడలే.
ఎనుమాముల మార్కెట్‌కు తీసిపెట్టిన బస్తాలు
ఖాళీగనే మడతపెట్టి అటుక మీద ఏసినం.
అప్పటిసంది ఏది కొన్నా
నేను బొమ్మ దిక్కు చూడ.

నా పాత ఫోన్ పలగలే, నీళ్ళల్ల పడలే.
మూడేండ్ల కింద కంపెనీ దాన్ని మరిచిపోయింది, అంతే.
తలుపున్నది, గడియకు తుప్పు.
ఒకనాడు పెండ్లి పత్రికని ఏదో అస్తే
ఎవలి పెండ్లో చూద్దామని నేనే ఒత్తిన.
తెల్లారేసరికి సంఘం పొదుపుల
పదకొండువేల నాలుగువందలు లేవు.
పెండ్లి ఎవలిదో ఇప్పటికీ తెల్వది.
తప్పు సగం గడియది, సగం నా ఏలుది,
రెండు సగాలూ నేనే కట్టిన, నెలకు వెయ్యి.
పద్నాలుగుమంది ఆడోళ్ళు ఒక్క మాటనలే.
లచ్చక్క మాత్రం చాయ్ గ్లాసు
నా ముందట జర గట్టిగ పెట్టింది.

అందుకే మండిబజార్ల యాకూబ్ దగ్గరికి పోయిన.
బల్ల మీద బిస్కెట్ డబ్బా నిండ సచ్చిన ఫోన్లు.
కంటి అద్దం తియ్యకుండనే చెప్పిండు:
"కొనేటోళ్ళు ముందటిదిక్కు చూస్తరక్కా,
నా బతుకంత ఎనుకదిక్కే.
ఇది జూడు, జిగురుతోని అతికిచ్చిండ్లు,
బ్యాటరీ మార్చాల్నంటె వేడిగాలి కొట్టుకుంట
అద్దం పలగొద్దని దేవుణ్ణి తలుసుకోవాలె.
ఇది జూడు, స్క్రూలు.
ఇంకొకడు ఇప్పుతడని తెలిసి చేసిన వస్తువు
చేతికే తెలుస్తది."

మా ఊర్లె మోటరు కొనకముందే
వైండింగ్ చేసేటోడు ఎంత దూరంల ఉన్నడో అడుగుతం.
ఫోన్‌కు అడుగుడు మాత్రం ఎందుకో సిగ్గు.

పాతదాన్ల నంబర్లు తీసియ్యమని
లాక్ నంబరు చెప్పబోయిన.
చెయ్యి అడ్డం పెట్టిండు.
"చెప్పకు. నాకు గూడ చెప్పకు.
నువ్వే కొట్టియ్యి, నేను అటు మర్లుత."
మర్లిండు. గోడ మీది క్యాలెండర్ దిక్కు
నిజంగనే చూసుకుంట నిలబడ్డడు.

పోయిన సాలు మోడల్ కొన్న. మందం, మట్టి రంగు.
ఆరేండ్లని కంపెనీ కాయితం మీద రాసిచ్చింది.
రాసిందంత అయితదని కాదు,
రాయనోనికంటె రాసినోని గల్లా పట్టుడు అల్కగ.

మీటింగుల చేతులు మార్చుకుంట చూసిండ్లు.
బరువున్నదన్నది ఒకామె.
లచ్చక్క కవరు తీసి స్క్రూలు లెక్కపెట్టి
మళ్ళ కవరేసి ఇచ్చింది. ఏమనలే.
గ్లాసు ఈసారి సప్పుడు చేయలే.

కిస్తులు పద్దెనిమిది. తారీఖు ఆరేండ్ల అవతల.
అప్పు తీరినంక గూడ బతికుండే వస్తువు
నా ఇంట్ల ఇదే మొదలు.
ఆ తారీఖు చిన్న కాయితం మీద రాసి
కవరు లోపట పెట్టిన.

రాత్రి ఇంకో పెండ్లి పత్రిక అచ్చింది.
ఎవలిదో ఏమో, సల్లగుండాలె.
నేను ఒత్తలే.