ఆయ్ అనని డబ్బా

నిడదవోలు కాలవగట్టు మీద
మిక్సీలూ టేబుల్ ఫ్యాన్లూ బాగుచేసే నా కొట్టు,
దాని పైగదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ చెక్క.
చెక్క మీద మా జంక్షనే, గుప్పెడంత.
వంతెనకి ఐస్‌క్రీం పుల్లలు,
కాలవకి మూడు పూతల వార్నిష్,
వరిచేలకి రంగేసిన రంపంపొట్టు.
ఒక లైను రాజమండ్రికి, ఒకటి ఏలూరుకి,
మూడోది విడిపోయి, భీమవరం మీదుగా నరసాపురం.
ధవళేశ్వరం దగ్గర గోదారి చీలితే పాయ,
ఇక్కడ పట్టా చీలితే పాయింటు.
పని నేర్చుకునే కుర్రాడు ఏసుపాదం
రెంటినీ పాయే అంటాడు.

చెక్క కింద అగ్గిపెట్టంత డీకోడరు.
దానికి నేనిచ్చిన నంబరు పదిహేడు.
కరెంటు వెళ్ళే పట్టాల్లోంచే కబురూ వెళ్తుంది,
పోస్టుమేన్‌లా అన్ని గడపలూ దాటి
పదిహేడు దగ్గరే తలుపు తడుతుంది.
టక్.
కాయిల్ ఒక్క గుంజు గుంజితే
ఈనెపుల్లంత ఇనుప నాలుక ఇటునుంచి అటు.
రెప్పపాటు కన్నా ఎక్కువసేపు కరెంటిస్తే
అట్టు మాడిన వాసన.
రెండు కాయిళ్ళు మాడ్చాకే తెలిసింది
రెప్పపాటంటే ఎంతో.

మొదట్లో తీగలు తిరగేసి కలిపాను.
నరసాపురం నొక్కితే ఏలూరు పోయేది బండి,
పాలకొల్లు సంతకి బయల్దేరినవాళ్ళంతా
పాపం, గూడెంలో దిగేవారు.

ఒక ముసురు రోజు గవర్రాజు గారొచ్చారు,
సంచీలో ఫ్యాను రెక్కలు పెట్టుకుని.
ముప్పై నాలుగేళ్ళు పాయింట్స్‌మన్.
పైకి తీసుకెళ్ళి ఫోను మీద పదిహేడు నొక్కాను.
తెర మీద బాణం నరసాపురం వైపు తిరిగింది.
"చూశారా, కూర్చున్నచోటి నుంచే."
ఆయన తెర వంక చూళ్ళేదు.
వంగి, చూపుడువేలి గోరు పట్టా సందులో పెట్టారు.
"ఆనలేదండి ఇది. పోస్టుకార్డు మందం ఎడముంది."

నిజమే. వారం రోజుల తేమకి చెక్క ఉబ్బింది.
డబ్బాకి పంపడమే తెలుసు.
నాలుక కదిలిందో లేదో దానికెవరూ చెప్పరు,
అదీ అడగదు.

"లీవరు లాగినోడి మాట చెల్లదండి.
దీపం పట్టుకెళ్ళి నాలుక తాకినోడు చెప్పాల.
కేబిన్లోంచి కేకేస్తే కిందనించి నేను ఆయ్ అనాల.
అప్పుడే సిగ్నల్."
కాసేపాగి,
"ఓపాలి చూడకండానే అనేశానండి" అన్నారు.
వాన, నిద్రమత్తు, ధాన్యం గూడ్సు.
రెండు వేగన్లు పట్టా దిగాయి. మనుషులకేమీ కాలేదు.
చిమ్మిన ధాన్యం వారానికల్లా మొలకెత్తింది,
స్లీపర్ల మధ్య, పచ్చగా, వరసగా.
"రోజూ దాని మీంచే డ్యూటీకెళ్ళేవోణ్ణి.
ఛార్జిషీటు దాని ముందెంతండి."
ఫ్యాను రెక్కలు మర్చిపోయి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నాలుక చివర
వడ్లగింజంత స్విచ్చు అతికించాను.
నాలుక పట్టాకి పూర్తిగా ఆనితేనే
వంతెన పక్కన ఆకుపచ్చ దీపం.
దాని కింద స్కెచ్ పెన్నుతో రాశాను: ఆయ్.

అదీ ముసుర్లో మొరాయిస్తుంది.
అప్పుడు నేనే వంగి, గోరు పెట్టి చూస్తాను.
"మా ఫ్యాను అయిందాండీ?" కింద గవర్రాజు గారి గొంతు.
"ఆయ్" అంటాను,
ఆ రెక్కలెక్కడున్నాయో చూడకుండానే.