మొలవని టెంక

ఫోను చెప్పింది, ఇంకా నాలుగు మీటర్లని.
రెండడుగులు వేస్తే తొమ్మిదంది.
వెనక్కొస్తే, చెప్పులైనా తడవకుండా
వంశధార నడిమధ్యలో నిలబెట్టింది నన్ను.

కళింగపట్నం లైట్‌హౌసుకి ఇవతల, సరుగుడు తోపు దాటాక,
ఇసకా మట్టీ ఒకదాన్నొకటి ఒప్పుకోని చోట
తాటిచెట్లు ఏడు.
ఇక్కడే ఎవరో, మారుపేరు కొంగమెడ,
పిడికిట్లో పట్టే డబ్బా ఒకటి దాచి
అక్షాంశం రేఖాంశం లోకమంతా చాటి
తను మాత్రం నోరు కుట్టేసుకున్నాడు.
ఆనవాలు ఒక్కటే ముక్క:
"మావాళ్ళంతా మొలుస్తారు, నేను మొలవను."

మొలవనిదంటే రాయన్నాడు మన్మథరావు,
సర్వే రాయి చుట్టూ కుక్కలా గోకాడు.
ఉప్పన్నాను నేను. ఎందుకన్నానో నాకూ తెలీదు.
తవుడు టోపీ తీసి, బట్టతల తడుముకుని
"ఇక్కడైతే లేదొరే, నాను వెతికీసేను" అన్నాడు.

ఆ నవ్వు పది గంటల దాకా వచ్చింది.
పదకొండుకి నీళ్ళసీసా అడుగంటింది.
పదకొండున్నరకి పాత బాకీలు బయటపడ్డాయి:
ఆమదాలవలసలో నన్నొదిలేసి రైలెక్కిందెవరు,
బొబ్బిలి వంతెన కింద అయస్కాంతం డబ్బాని
చేత్తో పట్టుకుని మరీ బోల్టనుకున్నదెవరు.
కనబడ్డ ప్రతి బోల్టూ తిప్పి చూడటం
అప్పట్నుంచే మాకు జబ్బు.
కరెంటువాళ్ళు రెండుసార్లు తరిమారు కూడా.

ఝాన్సీ ఒక్కతే నీడలో చతికిలబడి
చేగోడీలు నములుతోంది.
"కొంచెం ఎడంపక్క సూడు.
నీ ఎడం కాదు, నా ఎడం."

అప్పుడొచ్చాడు, వల భుజానేసుకుని ఒకాయన.
"ఏటి బాబూ, ఏటి పోయింది?"
ఆట సంగతి బయటివాళ్ళకి చెప్పకూడదు.
నోటికేదో ఒకటి రావాలి కదా,
ఉంగరం అన్నాను.
"బంగారందా?"
తలూపాను.
వల కింద పెట్టీసేడు.
మోకాళ్ళ మీద వంగి, వేళ్ళు జల్లెడ చేసి
పిడికెడు పిడికెడు ఇసక జల్లించాడు.
లేని ఉంగరం కోసం అతను వెతికినంత ఇదిగా
ఉన్న డబ్బా కోసం మేం వెతకలేదు.
నా చెవులు కాలిపోయాయి. అయినా చెప్పలేదు.
పోతూ పోతూ నంబరూ పేరూ అడిగి తీసుకున్నాడు.
"నాను సూరాడ ఎర్రయ్య. దొరికితే ఫోను సేస్తాను."

పన్నెండూ నలభైకి మన్మథరావు ఓర్పు చచ్చి
తాటిటెంకల పోగుని కాలితో ఒక్క తన్ను తన్నాడు.
అన్నీ దబ్బుదబ్బున పడ్డాయి,
ఒక్కటి టక్కుమంది.

పీచుతో సహా అసలు టెంకే.
నడిమికి కోసి, లోపలంతా తొలిచి,
అతుకు మీద మట్టి పూసి,
ఓరి నీ కొంగమెడ విరగ, ఎంత ఓపికరా నీకు!
లోపల డబ్బా, డబ్బాలో కాగితం చుట్ట.
పదకొండు పేర్లు.
ఆఖరిది ఝాన్సీ. ఇవాళ్టి తేదీ.
ఉదయం తొమ్మిదీ ఇరవై.

తవుడు ఆమెని లైట్‌హౌసు దాకా తరిమాడు.
చేగోడీల పొట్లం మాత్రం చేజిక్కింది.

మేం ముగ్గురం పేర్లు రాసి
దాన్ని మళ్ళీ పోగులో పెట్టాం.
తల తిప్పి, చెమట తుడుచుకుని, మళ్ళీ చూశాను.
ఏదో తెలీలేదు.

పుష్యమాసంలో ఓ పొద్దున్న ఫోను.
"బాబూ, ఎర్రయ్యని. ఉంగరం దొరకలేదు.
తేగలు తవ్వుతున్నాం. పాతరలో
అన్నీ మొలిసేయి గానీ ఒక్క టెంక మొలవలేదు.
ఇప్పితే సీటీ ఉంది. మా గుంట సదివింది,
అందులో మీ పేరుంది."

చెప్పేశాను. డబ్బా, ఆట, కొంగమెడ,
ఉంగరం అసలు లేదని కూడా.
అవతల అలల చప్పుడే చాలాసేపు.
తిడతాడనుకుని ఫోను కాస్త దూరంగా పెట్టుకున్నాను.

"అయితే," అన్నాడు, "మాకూ దొరికినట్టే కదా.
గుంట పెన్ను తెచ్చింది.
మా పేర్లు మీ కింద రాయాలా,
పక్కన రాయాలా?"