మంగళవారం రొట్టె

మస్కట్ పక్కన, సీబ్‌లో
మా బడికి పలకల్లేవు.
మంగళవారమైతే రొట్టె. అంతే.

ఏసీ గుర్రుమంటుంటే
బల్ల మీద పిండి పిసుకుతాను.
రమ్మనను. వాళ్లే వస్తారు,
మోచేతుల దాకా పూసుకుని జుమానా,
ముక్కుకి కూడా అంటించుకుని ఇయాద్.

పోయిన వారం వీసా సంగతి ఫోనొచ్చింది.
ఎవర్నీ ఏమనలేదు.
ముద్దను రెండు గుద్దులు గుద్దానంతే,
ఉస్సురన్నానేమో కూడా.

ఇవాళ
కళ్లూ నోరూ లేని గుడ్డబొమ్మను
ఒళ్లో బోర్లేసుకుని జుమానా
వీపు మీద రెండు గుద్ది
ఉస్సురంది.
అచ్చం నాలాగే, భుజాలు జార్చి.

ఏమని కోప్పడను?
చేతులు కడుక్కొచ్చి మళ్లీ నిలబడ్డాను.
ముద్ద కింద అరచేయి పెట్టి
నిద్రపోయే పిల్లని ఒత్తిగిలబెట్టినట్టు
తిప్పాను.

కిటికీ అవతల దుమ్ముగాలి.
ఓరకంట చూస్తోంది జుమానా.
చూడనట్టే
తిప్పుతూ ఉన్నాను.