మూడో పలక

మా సోంపేట వైపు దీన్ని బీల అంటారు.
నీళ్లంటే నీళ్లు కావు, నేలంటే నేల కాదు.
కాలు పెడితే మోకాలిదాకా పట్టుకుని అడుగుతుంది,
ఎవరి తాలూకు నువ్వు? అని.

తూము దగ్గర మూడు పలకలు.
వేస్తే చేపకి, తీస్తే చేనుకి.
ఇంతే మా ఊరి రాజకీయం.

దండాసి మామది పల్లపు మడి.
ఆ ఏడు తుఫాను వానకి
వరి మెడదాకా మునిగి చూస్తుంటే
నిద్రపట్టక లేచి
మూడో పలక పీకేశాడు.
తెల్లారేసరికి
కొర్రమీను పిల్లలన్నీ గెడ్డ దిగి
సముద్రం దారి పట్టేశాయి,
ఉప్పు ఎరగని పిల్లలు.

తవిటమ్మ తిట్టలేదు.
ఖాళీ ఊత ఒకటి తెచ్చి
మామ అరుగు మీద బోర్లించింది.
"ఇది కూరొండుకో" అంది.
వల ఇళ్లకీ నాగలి ఇళ్లకీ
ఏడాది మాటల్లేవు.

తర్వాత ఒకాయన పటం తెచ్చాడు.
బీలకి నీలం రంగు, చుట్టూ ఎర్రగీత.
"మీ తడినేల ఇక్కడితో అయిపోయింది" అని
గీత మీద వేలు పెట్టాడు.
ఆయన జీపు
గీతకి ఇవతల, పొడినేలలో,
ఇరుసుదాకా దిగబడింది.
రెండు వీధులవాళ్లమూ కలిసి తోశాం.
బురద అందరి మొహాల మీదా ఒకేలా చిమ్మింది.
ఎవరో నవ్వారు. ముందెవరో గుర్తులేదు.

నీళ్లెంత ఉండాలో తేల్చింది మాత్రం బైరాగమ్మ.
మడీ లేదు, వలా లేదు ఆవిడకి;
జమ్ము కోసి చాపలల్లుతుంది.
"నన్నేటి అడుగుతారు, జమ్మునడగండి" అని
కాడ మీద గోధుమరంగు మరక చూపించింది.
ఆ ఎత్తుకే తాటిదుంగ మీద గాటు పెట్టాం.
పలకలకి గొలుసు, గొలుసుకి రెండు తాళాలు.
ఒకటి మామ మొలతాడుకి, ఒకటి తవిటమ్మ కొంగుకి.

మొన్న మళ్లీ వాన.
గాటుకి రెండు వేళ్లు పైన నీళ్లు.
చీకట్లో ఇద్దరూ గట్టు మీద.
"పిల్లలు ఎదిగాయా?"
"పది రోజులు ఆగాలి. నీ వరి?"
"ఈనింది. పది రోజులు ఆగదు."

చాలాసేపు కప్పలే మాట్లాడాయి.

ఆఖరికి పలకని జానెడు ఎత్తి
సందుకి చిన్నకన్ను వల కట్టారు.
అయినా కొన్ని పిల్లలు పోయాయి.
కొన్ని వెన్నులు కుళ్లాయి.
పొద్దున్నే చిల్లుముక్కు కొంగలు దిగి
నత్తలేరుకుని తిన్నాయి,
వాటి వాటా ఎవరూ మాట్లాడకుండానే.

ఊత ఇంకా మామ అరుగు మీదే ఉంది.
తవిటమ్మ అడగలేదు, ఆయన ఇవ్వలేదు.
దాని కింద ఇప్పుడు
కోడిపిల్లల్ని మూస్తున్నాడు.